రుజువు చూపాల్సింది జవాను కాదు

మీ వైకల్యం సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు, కాబట్టి డిజేబిలిటీ పెన్షన్‌కు మీరు అర్హులు కారు. పదిహేను, ఇరవై ఏళ్లు యూనిఫాం వేసుకున్న మనిషికి రికార్డ్స్ ఆఫీసు నుంచి వచ్చే ఉత్తరం సారాంశం ఇంతే. ఆరు నెలల్లోపు అప్పీలు చేసుకోవచ్చన్న ముక్క కూడా అందులో ఉంటుంది. మన ఊళ్లలో చాలామంది ఆ ముక్క దాకా వెళ్లరు. సర్కారే కాదన్నాక ఇంకేముందిలే అని ఆ కాగితాన్ని డిశ్చార్జి బుక్కులో మడిచి పెట్టేస్తారు. దయచేసి మడిచి పెట్టకండి.

భర్తీ ర్యాలీ రోజు ఎలా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. తెల్లవారకముందే గ్రౌండులో పరుగు. నెగ్గినవాణ్ణి డాక్టరు ముందు నిలబెట్టి మోకాళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయా, పాదాలు చదునుగా ఉన్నాయా, చెవులు సరిగ్గా ఉన్నాయా, పళ్లు ఎన్ని ఉన్నాయి అని చూస్తారు. ఏ లోపం కనిపించినా ఇంటికి పంపేస్తారు. అంత వడపోసి తీసుకున్న కుర్రాడి వైద్య పత్రంలో ఏ జబ్బూ రాయలేదంటే, ఆ రోజుకు ఏ జబ్బూ లేదనే అర్థం. మరి పద్దెనిమిదేళ్లప్పుడు లేని మూర్ఛ, బీపీ, చెవుడు పాతికేళ్లకో ముప్పై ఐదేళ్లకో ఎక్కణ్ణుంచి వచ్చాయి?

సుప్రీంకోర్టు అడిగిన ప్రశ్న కూడా ఇదే. ధరమ్‌వీర్ సింగ్ 1985లో సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో చేరాడు. మూర్ఛ జబ్బుతో 1994లో ఇంటికి పంపేశారు. వైకల్యం 20 శాతం అన్న మెడికల్ బోర్డే, అది సర్వీసు వల్ల వచ్చింది కాదని కూడా రాసింది. హిమాచల్ ప్రదేశ్ హైకోర్టులో ఒక న్యాయమూర్తి దగ్గర గెలిచాడు, డివిజన్ బెంచ్ దగ్గర ఓడిపోయాడు, చివరికి 2013లో సుప్రీంకోర్టులో గెలిచాడు. చేరేటప్పుడు జబ్బు రాయకపోతే ఆరోగ్యంగా చేరినట్టే లెక్క, తర్వాత వచ్చింది సర్వీసు వల్ల కాదంటే ఆ మాట రుజువు చేయాల్సింది ప్రభుత్వమే, అనుమానం ఉంటే ఆ లాభం జవానుకే, బోర్డు తన అభిప్రాయానికి కారణాలు రాయాలి అని ఆ తీర్పు తేల్చి చెప్పింది. ఇందులో కొత్తగా పుట్టించిన హక్కు ఏదీ లేదు. అప్పటికే పుస్తకంలో ఉన్న 1982 నాటి పెన్షన్ నియమాలను ఉన్నవి ఉన్నట్టు చదివారంతే. అది చదివించడానికి ఒక మనిషికి పంతొమ్మిదేళ్లు పట్టింది.

ఇంత స్పష్టమైన తీర్పు ఉన్నా కారణాలు రాసే అలవాటు రాలేదు. మా బంధువుల్లో ఒక రిటైర్డ్ హవల్దారు మెడికల్ బోర్డు పత్రం ఆ మధ్య నా చేతికి వచ్చింది. సర్వీసు వల్ల వచ్చిందా అన్న గడిలో కాదు. ముదిరిందా అన్న గడిలోనూ కాదు. కారణం రాయాల్సిన చోట, శాంతి ప్రాంతంలో (పీస్ స్టేషన్‌లో) ఉండగా జబ్బు మొదలైంది అని ఒక్క వాక్యం. అదే పత్రంలో ముందు పేజీలో ఆయన ఎక్కడెక్కడ పనిచేశాడో పట్టిక ఉంది, ఫీల్డు పోస్టింగులతో సహా. ఆయన భార్య పట్టిక మీద వేలు పెట్టి, "పైన ఉన్నది కింద రాసినవాళ్లు చదవలేదా అన్నయ్యా?" అంది. ఆ ప్రశ్నే అప్పీలులో మొదటి పేరా కావాలని ఆమెతో చెప్పాను. శాంతి ప్రాంతంలో మొదలైందన్నంత మాత్రాన పెన్షన్ కాదనడానికి వీల్లేదని 2025లో ఢిల్లీ హైకోర్టు కూడా చెప్పింది.

డబ్బు ఎంతో కూడా తెలియాలి. నూరు శాతం వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం ఇస్తారు. జీతం 40,000 అనుకుంటే, 20 శాతం వైకల్యానికి నెలకు 2,400. కానీ 20కీ 50కీ మధ్య ఉన్న వైకల్యాన్ని 50గా లెక్కకట్టే పద్ధతి ఉంది. అప్పుడది 6,000 అవుతుంది, దాని మీద కరువు భత్యం (డీఆర్) అదనం. సర్వీసు పూర్తి చేసుకుని వచ్చినవాళ్లకూ ఈ పద్ధతి వర్తిస్తుందని 2014లో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మందుల ఖర్చే నెలకు మూడు వేలు దాటుతున్న ఇంట్లో ఈ తేడా చిన్నదేమీ కాదు.

దారి ఇలా ఉంటుంది. మొదటి అప్పీలు, అది కాదంటే రెండో అప్పీలు, అదీ కాదంటే సాయుధ బలగాల ట్రిబ్యునల్. 2007 చట్టంతో వచ్చిన ఈ ట్రిబ్యునల్‌లో తెలుగు రాష్ట్రాల కేసులు చెన్నై బెంచ్ కిందికి వస్తాయి. అన్నిటికంటే ముందు మెడికల్ బోర్డు పత్రాలు, భర్తీనాటి వైద్య పత్రం, మిలిటరీ ఆస్పత్రి డిశ్చార్జి స్లిప్పులు అడిగి తీసుకోవాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాలి.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. రుజువు భారం ప్రభుత్వానిది అంటారు, రుజువు కాగితాలూ ప్రభుత్వం దగ్గరే ఉంటాయి, వాటి కోసం తిరగాల్సింది మాత్రం జవాను. పైగా 2008 నాటి పెన్షన్ అర్హత నియమాల్లో ఒక షరతు ఉంది. బయటికొచ్చిన 15 ఏళ్ల తర్వాత క్లెయిము పెడితే, అప్పటికి సర్వీసు రికార్డులు గడువు తీరి నాశనమై ఉంటే, రుజువు భారం జవాను మీద పడుతుంది. రికార్డు దాచేదీ, గడువు తీరాక నాశనం చేసేదీ ప్రభుత్వమే. లేని కాగితం తెచ్చి చూపాల్సింది ఆయన. బకాయిల సంగతీ అంతే. 1983లో ఇంటికి వచ్చి 1999లో కోర్టుకెక్కిన తర్సేమ్ సింగ్ కేసులో, కోర్టుకు రావడానికి ముందు మూడేళ్ల బకాయిలే దక్కుతాయని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆయనకు మిగతా ఏళ్ల డబ్బు పోయినట్టే.

వైకల్య పెన్షన్‌ను, ముఖ్యంగా పెద్ద హోదాల్లో, దుర్వినియోగం చేస్తున్నారన్న విమర్శ ఉంది. 2023 సెప్టెంబరులో వచ్చిన కొత్త నియమాలకు అదీ ఒక నేపథ్యం. దొంగ క్లెయిమును పట్టుకోవాల్సిందే, కాదనను. బోర్డు కారణాలు వివరంగా రాస్తే దొంగ క్లెయిమూ బయటపడుతుంది, నిజమైనదీ నిలబడుతుంది. ఒక్క వాక్యంతో అందరికీ కాదని రాస్తే అప్పీలు చేసే ఓపిక, ఇంగ్లీషు, పలుకుబడి ఉన్నవాడే నెగ్గుతాడు. సిపాయిగా చేరి నాయక్‌గా వచ్చిన మన పల్లె మనిషి ఆగిపోతాడు.

అందుకే ప్రభుత్వాన్ని అడుగుతున్నాను. కాదన్న ఉత్తరంతో పాటే మెడికల్ బోర్డు పత్రాల నకలు పంపండి. పశ్చిమ గోదావరి మాధవరం లాంటి ఊళ్లు ఇంటికొకణ్ణి సైన్యానికి పంపిన నేల ఇది. ప్రతి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఆ పత్రాలను తెలుగులో చదివి చెప్పి, అప్పీలు రాసిపెట్టే మనిషిని ఒకరిని కూర్చోబెట్టండి.

అంతవరకూ ఇంట్లో అలాంటి ఉత్తరం ఉన్నవాళ్లు దాని మీద తేదీ చూసుకోండి. ఆరు నెలలు దాటిపోయినా సరే, ఎందుకు ఆలస్యమైందో రాసి, మన్నించమని కోరుతూ అప్పీలును స్పీడ్ పోస్టులో పంపండి. రసీదు దాచుకోండి.