సంఘం దస్త్రాలు ఏరు దాటాలి

ఆత్రేయపురం పూతరేకుకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినప్పుడు అందరమూ సంబరపడ్డాము. ఆ గుర్తింపు ఏ ఒక్క వ్యక్తికో, దుకాణానికో దక్కినది కాదు. సర్ ఆర్థర్ కాటన్ ఆత్రేయపురం పూతరేకుల తయారీదారుల సంక్షేమ సంఘం పేరిట నమోదైనది. 1999 నాటి చట్టం ప్రకారం పదేళ్ళకొకసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి. ఆ పేరు వాడుకోదలచిన తయారీదారులు అధీకృత వినియోగదారులుగా విడివిడిగా నమోదు కావాలి. అంటే, ఇన్నాళ్ళూ చేతివేళ్ళలో ఉన్న హక్కు ఇప్పుడు దస్త్రాల్లోకి వచ్చి చేరింది. బోర్లించిన కుండ మీద తాను ఈ ఊళ్ళోనే రేకులు తీస్తున్నట్టు ఒక ఇల్లాలు రేపు రుజువు చూపవలసివస్తే, సభ్యత్వ పుస్తకంలో ఆమె పేరున్న పుట కనబడాలి కదా!

నేను చెప్పబోయేది ఏ ఒక్క సంఘాన్నీ ఉద్దేశించి కాదు. నగరాల్లోని అపార్టుమెంటు యజమానుల సంఘాలు మొదలుకొని మన సంఘాలకు ఒక అలవాటుంది. కంప్యూటరు కార్యదర్శిగారి ఇంట్లో ఉంటుంది. సంకేతపదం వారబ్బాయికి మాత్రమే తెలుసు. కార్యవర్గం మారుతుంది. అబ్బాయి ఉద్యోగానికి బెంగుళూరు వెళ్ళిపోతాడు. నిర్వహణ రుసుముల లెక్కలు, తీర్మానాలు, ఇళ్ళవారి జాబితా ఎవరికీ తెరుచుకోని పెట్టెలో మిగిలిపోతాయి. 2001 నాటి సొసైటీల నమోదు చట్టం కిందికి వచ్చే సంఘం ఏటా కార్యవర్గ జాబితాను రిజిస్ట్రారుకు సమర్పించాలి. సంకేతపదాలు కూడా చేతులు మారాలని ఆ చట్టం చెప్పకపోవచ్చు గానీ, నా దృష్టిలో అది బీరువా తాళాల అప్పగింత కన్నా ముఖ్యం.

ఇక్కడొక చిన్న పిడకలవేట. హార్డుడిస్కులో సమాచారం నిలిచేది కూడా ఒక పూత మీదనే: గిర్రున తిరిగే బిళ్ళ మీద అతిపలుచని అయస్కాంత పదార్థపు పూత. మనవాళ్ళు దానికి పూతరేకని పేరు పెట్టి ఉంటే నేను అభ్యంతరం చెప్పేవాణ్ణి కాను. రెంటికీ చెమ్మ గిట్టదు.

చెమ్మ ఒక్కటేనా? 1986 ఆగస్టు వరదకు ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులకు చేరింది; 2022 జూలైలో 25 లక్షలు దాటింది. 1996 నవంబరు తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలకూల్చింది. ఇలాంటి చోట కంప్యూటరు పక్కనే, అదే బీరువాలో, ఒక పెన్‌డ్రైవు పడేసి 'బ్యాకప్పు ఉంది' అనుకోవడం ఆత్మవంచన. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట అన్నది ఈ విద్య తెలిసినవారి సూత్రం. వేరే చోటంటే రావులపాలెం కాదు. అదీ గౌతమీ వసిష్ఠల నడుమే ఉంది. మూడో ప్రతి ఏరు దాటాలి. క్లౌడులో దాచుకున్నా మంచిదే, కాకపోతే ఆ ఖాతా సంఘం పేర ఉండాలి, ఒకరి సొంత ఫోను నెంబరుకు ముడిపడి ఉండకూడదు.

కాగితం చాలదా అనేవారున్నారు. సంతకాలున్న మినిట్సు పుస్తకం ఉండవలసిందే. దాన్ని ఏటా స్కాను చేయడానికి ఒక మధ్యాహ్నం చాలు.

అసలు చిక్కు, ప్రతి ఉండటంలో కాదు, అది తెరుచుకోవడంలో ఉంది. గోదావరికి ఎర్రనీరు రాకముందే, జూన్‌లో ఒక పూట, పాత కార్యదర్శీ కొత్త కార్యదర్శీ కాని మూడో మనిషెవరైనా ఆ ప్రతిని వేరే కంప్యూటరులో తెరిచి, అయిదేళ్ళ కిందటి ఒక సభ్యురాలి రసీదు వెతికి చూపించాలి. దొరకకపోతే ఆ సాయంత్రమే పని మళ్ళీ మొదలుపెట్టవచ్చు. వరదకు ఇంకా కొంత వ్యవధి ఉంటుంది.