నాటిన చేయి – నీరు పోసిన చేయి

ప్రతి సంవత్సరం జూలై మాసంలో మన కళాశాలలలో ఒక ముచ్చటైన దృశ్యం కనిపిస్తుంది. గుంతలు త్రవ్వి ఉంటాయి. అతిథులు వస్తారు, మొక్కలు నాటుతారు, ఛాయాచిత్రాలు తీయించుకుంటారు. 1950లో నాటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె. ఎం. మున్షీ గారు ప్రారంభించిన వనమహోత్సవం దేశమంతటా ఒక ఆచారంగా స్థిరపడడం సంతోషింపదగిన విషయమే. అయితే మరుసటి సంవత్సరం జూన్‌లో కళాశాల తలుపులు తెరచినప్పుడు ఆ మొక్కలలో ఎన్ని మిగిలి ఉన్నవి? ఈ ప్రశ్న అడిగేవారు అరుదు. ముళ్లకంప మిగులుతుంది, మొక్క మిగలదు. దీనికి కారణం ఎవరి దుర్బుద్ధీ కాదు. తోటకు మనిషి ఎక్కువగా కావలసిన రెండు నెలలలోనే మన కళాశాలకు సెలవులు. ఈ చిక్కును గురించి విద్యార్థినీ విద్యార్థులకు, కమిటీ పెద్దలకు నాలుగు మాటలు మనవి చేయదలచాను.

పూలతోట అంటే ఏమిటో నేను పుస్తకాలలో నేర్చుకోలేదు. నంద్యాల నుండి ఆళ్లగడ్డకు పోయే దారిలో, శిరివెళ్ల దాటిన తరువాత, మా జేజినాయనకు రెండెకరాల పూలతోట ఉండేది. ఒక కపిల బావి, గట్టున ఒక మామిడి చెట్టు, మిగిలినదంతా పూలే. తెల్లవారక మునుపే కోసిన పూలు మొదటి బస్సులో నంద్యాల బజారుకు పోయేవి. మహానంది ప్రాంతపు అరటితోటల నుండి వచ్చిన నారతో మా జేజి మాలలు కట్టేది. ఆ మాలలు గుడికీ పోయేవి, దర్గాకూ పోయేవి. పెండ్లికొడుకు సెహరాకు పోయిన పూలు, పెండ్లికూతురి జడకు పోయిన పూలు ఒకే మడిలో పూసినవి.

తోటపనికి సంవత్సరాది మృగశిర కార్తె. తొలకరి పడగానే చామంతి పిలకలను తల్లిమొక్కల నుండి వేరుచేసి బోదెల మీద నాటేవారు. నెల తిరిగేసరికి తలలు త్రుంచితే ప్రక్కకొమ్మలు వచ్చి మొక్క గుబురు కట్టేది. మాది నల్లరేగడి నేల. వాన కురిస్తే జిగురై నీరు నిలుస్తుంది, వేసవిలో నెర్రెలు విచ్చుతుంది. రెండు విధాలా మొక్కకు ఆపదే. నీరు నిలిస్తే చామంతి వేరు కుళ్లిపోతుంది గనుక, వర్షాకాలమంతా జేజినాయన పని నీరు పెట్టడం కాదు, నీరు తీయడం. 2019 సెప్టెంబరు వానలకు మహానంది ఆలయ ప్రాంగణమే నీట మునిగిన సంగతి మనలో చాలామంది చూచినదే. అటువంటి వానలో కాలువ తీయని మడి ఒక్కరాత్రి నిలువదు.

శ్రావణ భాద్రపదాలలో బంతి నారు ఎదిగి, దసరా దీపావళులకు తోట పసుపుముద్ద అయ్యేది. మెక్సికో దేశం నుండి వచ్చిన ఈ పువ్వు నేడు మన గుమ్మానికి సొంత పువ్వయింది. బంతి వేసిన మడిలోనే మరుసటి పంటగా కనకాంబరం పెట్టేవారు. కనకాంబరం వేళ్లను బుడిపెలు కట్టించి చంపే నులిపురుగులను బంతి వేరు అణచివేస్తుందని శాస్త్రజ్ఞులు చెప్పిన మాట నేను పెద్దయిన తరువాత చదివాను. జేజినాయనకు ఆ కారణం తెలియదు, ఫలితం మాత్రం తెలుసు. పగళ్లు కురుచవుతున్న కొలదీ చామంతి మొగ్గ తొడిగి సంక్రాంతి దాకా పూసేది. ఆ చలిలోనే మల్లెకు నీరు ఆపి, ఆకు రాల్చి, కొమ్మలు కత్తిరించి, తరువాత ఎరువు వేసి తడి పెట్టేవారు. మోడుగా కనిపించిన ఆ పొదలే ఉగాదికి విరగబూసేవి.

ఇక్కడ ఒక విశేషం గమనింపదగినది. దసరాకు బంతి, సంక్రాంతికి చామంతి, ఉగాదికి మల్లె అన్నట్లు కొన్ని పండుగలు ఋతువులను అంటిపెట్టుకొని ఉన్నవి. రంజాన్, బక్రీద్, మొహర్రం, ఉరుసులు అట్లా కాదు. హిజ్రీ సంవత్సరం సుమారు 354 దినాలు మాత్రమే కావడం వలన అవి ఏటేటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, దాదాపు 33 సంవత్సరాలలో అన్ని ఋతువులనూ చుట్టివస్తవి. 1983 జూలైలో వచ్చిన ఈదుల్‌ఫితర్, దాదాపు ఆ తేదీలకే తిరిగి 2016లో వచ్చింది. కాబట్టి ఊరివారందరికీ పూలు ఇవ్వదలచిన తోటమాలికి ఒక్క ఋతువు చాలదు. ఏ నెలలో ఎవరు వచ్చి అడిగినా బుట్టలో ఏదో ఒక పువ్వు ఉండాలి. మా జేజినాయన తోట పన్నెండు నెలల తోట కావడానికి కారణం ఇదే.

పన్నెండు నెలల తోటకు పరీక్ష రోహిణి కార్తెలో. రోళ్లు పగిలే ఎండ అని మనవారు ఊరకే అనలేదు. కాలువలలో నీరు ఆగిపోతుంది, బావి అడుగంటుతుంది. దొరికిన కొద్ది నీటిని ఎవరికి పోయాలి? జేజినాయన పూసే మొక్కను ఎండనిచ్చి, పూయని మొక్కకు నీరు పోసేవాడు. పూత ముగిసి కత్తిరించిన చామంతి తల్లిమొక్కలను మామిడి నీడన ఒక మడిలో ఉంచి కాపాడేవాడు. వాటిలో అందం లేదు, ఆ రెండు నెలలు ఆదాయమూ లేదు. కాని మృగశిరలో పిలకలు ఇచ్చేవి అవే.

నేను ఇంటర్మీడియట్ చదివే రోజులలో ఒక వేసవిలో ఆయన జబ్బుపడి, ఆ మడిని వారం రోజులు నాకు అప్పగించాడు. రోజుకు పది బిందెలు, అంతే పని. మూడు రోజులు పోశాను. నాలుగవ రోజు బంధువుల పెండ్లికని నంద్యాల పోయి, మరి మూడు రోజులకు గాని తిరిగి రాలేదు. వచ్చేసరికి మడి ఎండుగడ్డి అయింది. ఆయన నన్ను తిట్టలేదు. ప్రక్క తోట వారి వద్దకు స్వయంగా నడిచిపోయి పిలకలు అడిగాడు. వారు వెల తీసుకోకుండా ఇచ్చారు. తన జీవితంలో ఎన్నడూ పిలక అడుగని మనిషి నా మూలంగా ఒకరి గట్టున నిలబడవలసి వచ్చింది. ఆ సిగ్గు ఇంకా నా మనసులో ఉన్నది.

ఆళ్లగడ్డ శిల్పుల పనితనాన్ని మనం గర్వంగా చెప్పుకుంటాము. శిల్పి ఉలి దించిన నాడు విగ్రహం పూర్తి అయినట్లే. తోటకు అటువంటి దినం లేదు. అది ఒక చేతి నుండి మరొక చేతికి అందుతూ ఉంటేనే బ్రతుకుతుంది. 1760లో హైదర్ అలీ బెంగుళూరులో నెలకొల్పిన లాల్‌బాగ్‌ను టిప్పు సుల్తాన్ పెంచాడు. రాజ్యాలు మారినా నీరు పోసేవారు మారుతూ వచ్చారు గనుకనే నేడది 240 ఎకరాలలో నిలిచి ఉన్నది. రామానుజుల శిష్యుడైన అనంతాళ్వారు తిరుమలలో వేసిన పూలతోట పేరు తొమ్మిది శతాబ్దాల తరువాత కూడా వినబడుతున్నది. నాటినవారి కీర్తిని నిలబెట్టినది తరువాత నీరు పోసిన, పేరు తెలియని చేతులు.

కొందరు ఒక ఆక్షేపణ చేయవచ్చును: వేసవిలో మనుషులకే నీరు లేనప్పుడు పూలకు నీరా? న్యాయమైన ప్రశ్న. అందుకనే నా మొదటి మనవి, వేసవిలో ఎన్ని మొక్కలకు నీరు పోయగలమో లెక్కించుకొని అన్నే నాటాలి. రెండు వందలు నాటి చంపడం కంటె ఇరువది నాటి పెంచడం మేలు. రెండవది, నమాజుకు ముందు వజూ చేసిన నీరు, కుళాయిల వద్ద కారిపోయే నీరు చిన్న కాలువ ద్వారా మడికి మళ్లించవచ్చు. మూడవది, నందివర్ధనం, గన్నేరు, కాగితపు పూలు వంటి ఎండకు ఓర్చే మొక్కలతో ప్రారంభించాలి. గన్నేరు విషపు మొక్క గనుక పిల్లలు తిరుగని చోట పెట్టాలి. చామంతి, మల్లె వంటివి ఒక మడికే పరిమితం చేయాలి. నాలుగవది, పట్టణంలో నివసించే విద్యార్థులు ఆరుగురు చొప్పున ఒక్కొక్క వారం వంతు తీసుకోవాలి. ఎనిమిది జట్లతో సెలవులన్నీ గడుస్తవి. హాజరు పట్టీ వలె నీటి పట్టీ ఒకటి ఉండాలి. వేసవిలో కూలికి పోక తప్పని పేద విద్యార్థికి ఆ వంతు భారం కాకుండా కమిటీవారు కొంత భత్యం ఇవ్వడం ధర్మం.

ఒక మాలిని నియమిస్తే సరిపోదా అని మరికొందరు అడుగుతారు. మాలి ఉండడం మంచిదే, ఆయన వద్ద నేర్చుకోవలసినది ఎంతో ఉన్నది. కాని ఎవరూ చూడని వేళ, చప్పట్లు లేని వేళ, పూయని మొక్కకు నీరు పోసే అలవాటు జీతమిచ్చి మరొకరి చేత చేయించేది కాదు. రేపు మన విద్యార్థులు ఉపాధ్యాయులైనా, ఉద్యోగులైనా, వ్యాపారులైనా వారికి అక్కరకు వచ్చేది ఈ అలవాటే.

రానున్న జూలైలో కూడా మనం మొక్కలు నాటుతాము. ఆనాడు అతిథి గారి పేరుతో పాటు, ఆ మొక్కకు మే మాసంలో నీరు పోయబోయే ఆరుగురి పేర్లు కూడా సభలో చదవాలని కమిటీ పెద్దలకు నా విన్నపం. ఆ పేర్లు సిద్ధంగా లేకపోతే, ఆ గుంతను పూడ్చివేయడమే ఉచితం.