మందు చవక, దారి ఖరీదు

మనసు జబ్బుకు వైద్యం డబ్బున్నవాళ్ల సంగతి అని మనవాళ్లలో ఒక మాట స్థిరపడిపోయింది. లేనివాళ్లకు తాయెత్తు, ఉన్నవాళ్లకు బెంగుళూరు. ఈ మాట అబద్ధం. అబద్ధమే కాదు, చాలా ఖరీదైన అబద్ధం. దీని మూలంగా బళ్లారి సీమ తెలుగు ఇళ్ల నుంచి ఎన్ని గాజులు, ఎన్ని గొలుసులు కుదువకు వచ్చాయో ముప్పై ఏళ్లుగా బ్యాంకు బల్ల వెనక కూర్చున్న నాకు కొంత తెలుసు. బంగారు లోను కాగితంలో కారణం అన్న చోట 'ఇంటి ఖర్చు' అని రాయిస్తారు. సంతకాలు అయ్యాక, పక్కన ఎవరూ లేరని చూసుకుని, 'పిల్లోనికి మనసు బాగలేదు సార్' అంటారు. గుండె ఆపరేషనైతే గట్టిగానే చెబుతారు. ఈ ఒక్క జబ్బుకే గొంతు తగ్గుతుంది. కొనేవాడి గొంతు తగ్గిన చోట అమ్మేవాడి ధర పెరుగుతుంది. ఇది వాణిజ్యశాస్త్రంలో మొదటి పాఠం.

విచిత్రమేమిటంటే, ఈ వైద్యం ఊరి ముంగిటికి రావచ్చునని దేశానికి చూపించింది మన జిల్లానే. 1982లో కేంద్ర ప్రభుత్వం జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం ప్రకటించింది. అది పల్లెల్లో ఎలా నడుస్తుందో చూడడానికి బెంగుళూరు నిమ్‌హాన్స్ వారు ఎంచుకున్నది బళ్లారి. విజయనగర జిల్లా విడిపోక ముందటి పెద్ద బళ్లారి. 1980ల నడుమ నుంచి 1990 దాకా ఇక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, కార్యకర్తలకు తర్ఫీదు ఇచ్చారు. మూర్ఛకూ, తీవ్రమైన మనోవ్యాధులకూ అవసరమైన ముఖ్యమైన మందులు అక్కడే అందేటట్టు చేశారు. వైద్యుల పుస్తకాల్లో దీనికి 'బళ్లారి నమూనా' అని పేరు. ఆ నమూనా మీదే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నాలుగు జిల్లాల్లో మొదలైంది. అందులో ఒకటి మన మెదక్, మరొకటి తిరుచిరాపల్లి. తరవాత అది 767 జిల్లాలకు మంజూరైంది. దేశమంతటికీ విత్తనం ఇచ్చిన నేల మనది. ఆ పంట మాత్రం మన గాదెలో ఎంత ఉందో అడిగితే చెప్పేవాడు దొరకడు.

ఇక లెక్కకు వద్దాం. నా ఖాతాదారుల్లో ఒకాయన రెండెకరాల రైతు. కొడుకు రాత్రిళ్లు నిద్రపోడు, తనలో తాను మాట్లాడుకుంటాడు. తండ్రీకొడుకులు నెలనెలా బెంగుళూరు పోయి వస్తారు. పోను మూడు వందల కిలోమీటర్లు, రాను మూడు వందలు. ఇద్దరి ఛార్జీలు, రెండు రోజుల కూలి, తిండి, ఒక రాత్రి పడక కలిపితే మూడు వేలు దాటుతోందని ఆయనే వేళ్ల మీద లెక్క చెప్పాడు. సంచిలో వెనక్కు తెచ్చుకునే మాత్రల విలువ అందులో ఐదో వంతు లేదు. అంటే ఆయన కొంటున్నది మందు కాదు, దూరం. ఇది ఒక్కరి కథ కాదు. నిమ్‌హాన్స్ 2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో కూడా ఇలాంటి కుటుంబాలకు వైద్యానికీ ప్రయాణానికీ కలిపి నెలకు వెయ్యి నుంచి పదిహేను వందలదాకా అవుతోందని తేలింది. జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి అసలు వైద్యమే అందడం లేదని కూడా ఆ సర్వేనే చెప్పింది.

ప్రభుత్వం డబ్బు పెట్టడం లేదా? పెడుతోంది. ఎక్కడ పెడుతోందన్నది ప్రశ్న. 2023-24 కేంద్ర బడ్జెట్టులో మానసిక ఆరోగ్యం పద్దుల కింద నేరుగా కనిపించిన మొత్తం సుమారు 919 కోట్లు. అందులో నిమ్‌హాన్స్‌కు 721, అస్సాంలోని తేజ్‌పూర్ సంస్థకు 64, టెలిఫోను సేవకు 134. నూటికి ఎనభై అయిదు రూపాయలు రెండు పెద్ద భవనాలకు. జిల్లాల కార్యక్రమానికి డబ్బు జాతీయ ఆరోగ్య మిషన్ ద్వారా వేరుగా వస్తుంది, నిజమే. కానీ ఆ పద్దు ఏ జిల్లాలో ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అనేది సామాన్యుడి కంటబడే చోట ఎవరూ రాసి పెట్టరు. నిమ్‌హాన్స్ మీద నాకు గౌరవమే. హెడ్డాఫీసు ఎంత గొప్పదైనా, పల్లెలో బ్రాంచి తలుపు మూసి ఉంటే ఖాతాదారుడికి ఏం లాభం?

'ఇన్సూరెన్సు ఉంది కదా' అంటారు ఉద్యోగస్తులు. 2017 చట్టం ఒంటి జబ్బుకూ మనసు జబ్బుకూ బీమాలో తేడా చూపరాదన్నది. 2018లో బీమా నియంత్రణ సంస్థ కంపెనీలకు ఆ మేరకు ఆదేశమూ ఇచ్చింది. సంతోషం. కానీ మామూలు పాలసీ డబ్బు ఇచ్చేది ఆసుపత్రిలో పడుకున్నప్పుడు. ఈ జబ్బులో చాలామంది పడుకోరు. నెలనెలా వెళ్లి, డాక్టరుతో మాట్లాడి, మాత్రలు తెచ్చుకుంటారు, ఏళ్ల తరబడి. పేదలకున్న ఆయుష్మాన్ కార్డు కూడా చేరితేనే పనిచేస్తుంది, బయటి రోగికి కాదు. రోగి క్రమం తప్పకుండా మందు వేసుకుని ఇంట్లో నిలకడగా ఉంటే పైసా రాదు. మందు మాని, జబ్బు ముదిరి, మంచాన పడితే వస్తుంది. ఇది ఏ లెక్కల పుస్తకానికీ ఒప్పే బేరం కాదు.

ఇక ఆ 2017 చట్టం ఇంకా ఏమన్నదో మనవాళ్లు తెలుసుకోవాలి. అది 2018లో అమలులోకి వచ్చింది. ప్రభుత్వం నడిపే, ప్రభుత్వ డబ్బుతో నడిచే చోట వైద్యం పొందడం ప్రతివారి హక్కు అన్నది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి, ఇల్లూవాకిలీ లేనివారికి ఉచితం అన్నది. జిల్లాలో కనీస సేవలు లేకపోతే, ఆ జిల్లాలోనే మరోచోట చేయించుకున్న వైద్యం ఖర్చు ప్రభుత్వం భరించాలన్నది. చేరిన రోగికీ, అతని ప్రతినిధికీ జబ్బు గురించీ వైద్యం గురించీ వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పాలన్నది. ఈ చివరి మాట దగ్గర మనం ఆగాలి.

మిగతా రోగాలకు ఎక్స్‌రే ఉంది, రక్తపరీక్ష ఉంది. మనసు జబ్బుకు మాటే పరీక్ష. మా వీధిలో ఒక పెద్దామె ఆసుపత్రిలో 'గుండె జారిపోతాంది నాయనా' అంది. వెంట పోయిన మనుమడు దాన్ని కన్నడంలో ఎదనొప్పి చేశాడు. ఇ.సి.జి. తీశారు, బాగుందన్నారు, గ్యాసు మాత్రలిచ్చి పంపారు. ఆమె చెప్పుకోబోయింది పెనిమిటి పోయిన నాటి నుంచి పట్టుకున్న దిగులు. డాక్టరు తప్పు లేదు, మనుమడి తప్పూ లేదు. అత్త బాధ కోడలి నోటి గుండా డాక్టరుకు చేరాలంటే ఏ అత్త నోరు విప్పుతుంది? కోడలి బాధ అత్త ఎదుట ఏ కోడలు చెబుతుంది? మన గొడవ కన్నడంతో కాదు. 1953లో గీత గీసినప్పుడు ఇక్కడే ఉన్నవాళ్లం, మన పిల్లలు కన్నడ బళ్లలోనే చదివారు. కానీ దుఃఖం తల్లిభాషలోనే వస్తుంది. ఏడ్చేవాణ్ణి తర్జుమా చేసుకుని ఏడవమనడం వైద్యం కాదు.

ఇక 'సర్కారు ఆసుపత్రికి పోతే నలుగురూ చూస్తారు' అనే మర్యాదస్తుల మాట. నలుగురూ చూడకుండా ఉండడానికే కదా నాలుగు తులాలు కుదువ పెడుతున్నది! మర్యాదకు వడ్డీ కట్టే స్తోమత ఉన్నవాళ్లు కట్టుకోనీ. లేనివాళ్లకు దాన్ని నీతిగా బోధించవద్దు. గుళ్లకు, దర్గాలకు తీసుకుపోయేవాళ్లను మూఢులని తిట్టే చదువరులకూ ఒక మాట. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టివేసిన 28 మంది మంటల్లో కాలిపోయారు. ఆ ఘోరాన్ని ఎవరూ సమర్థించరు. కానీ అక్కడికి జనం ఎందుకు పోయారు? అక్కడ తలుపు తెరిచి ఉంది, చిరునామా అందరికీ తెలుసు, ఎన్నాళ్లయినా ఉండనిచ్చారు. ఆసుపత్రి ఈ మూడూ చేయగలిగిన నాడు గొలుసుల అవసరం ఉండదు.

కనుక అడగవలసింది దయ కాదు, వివరం. 2014లో కర్ణాటక ప్రభుత్వం మనోచైతన్య పేరుతో మంగళవారాల్లో తాలూకా ఆసుపత్రులకు మానసిక వైద్యుడు వచ్చే ఏర్పాటు ప్రకటించింది. మన తాలూకాకు ఏ మంగళవారం వస్తాడు? రాకపోతే ఎవరిని అడగాలి? ఏ మందులు నిలవ ఉన్నాయి, ఏవి అయిపోయాయి? ఈ నాలుగు ముక్కలు కన్నడంలోనూ తెలుగులోనూ ఆసుపత్రి గోడ మీద ఉండాలి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ సేవకు 14416 అని నెంబరు ఉంది. ఖర్చు లేదు, ఇరవై భాషల్లో తెలుగు ఒకటి. ఆ అంకెలూ అదే గోడ మీద ఉండాలి. ఫోను మందు ఇవ్వదు, నిజమే. తలుపు ఎక్కడుందో చెబితే చాలు.

మన తెలుగు సంఘాలు ఏటా ఉగాదికి శాలువాలు కప్పుతాయి, కవిసమ్మేళనాలు జరుపుతాయి. జరపనీ, నేనూ చందా ఇస్తాను. కానీ భాషను కాపాడడమంటే పద్యాన్ని కాపాడడమే కాదు, ఆ భాషలో మూలిగే మనిషిని కాపాడడం కూడా. ఒక్క ఏడు శాలువాల ఖర్చు ఆపి తాలూకాకొక తెలుగు కరపత్రం వేయండి. చదువుకున్న ఆడపిల్లనో, రిటైరైన మాస్టారునో మంగళవారం ఆసుపత్రిలో కూర్చోబెట్టండి, విన్నది బయట చెప్పని మనిషిని చూసి. సమాచార హక్కు కింద పది రూపాయలతో ఒక అర్జీ పెట్టి జిల్లా పద్దు అడగండి. జవాబు వస్తే ఈ పత్రికలోనే అచ్చు వేద్దాం. రాకపోతే, రాలేదన్న సంగతి కూడా అచ్చు వేద్దాం.