పొద్దున్నే బండి మూలిగితే



సూరత్ నుంచి తిరిగొచ్చిన మన కుర్రాళ్ళు చాలామంది అక్కడ మిగుల్చుకున్న నాలుగు డబ్బులు పెట్టి, మిగతాది అప్పు చేసి చిన్న డీజిల్ బళ్ళు కొనుక్కుంటున్నారు. ఆ బండి కదిలితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. అందుకే ఈ నెల బండి సంగతి రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఉంది, దాచుకోను.

మా మేనల్లుడు గోపాల్‌పూర్ ఒడ్డు నుంచి బరంపురం బజారుకి చేపలు తోలుతాడు. దూరం పదిహేను పదహారు కిలోమీటర్లే గానీ తెల్లారకముందే అక్కడుండాలి. పోయిన చలికాలం ఆ బండి పొద్దున్న లేవడం మానేసింది. సెల్ఫ్ కొడితే ఊఁ... ఊఁ... అని మూలుగుడే. ఒకరోజు చేపలు వేరే బండెక్కి పోయాయి. మర్నాడూ అంతే. ఇంకో రోజు పోతే బేరమే పోతుందని మా చెల్లి కంట నీరు పెట్టుకుంది.

"ఏం చేద్దాం మావయ్యా?" అన్నాడు వాడు.

"బ్యాటరీ పోయుంటుందిరా, మార్చేయ్" అన్నాను, బండి చూడకుండానే.

అప్పు తెచ్చి కొత్త బ్యాటరీ వేశాడు. నాలుగు రోజులు నయం. అయిదో రోజు మళ్ళీ అదే మూలుగు. ఒక షెడ్డులో చూపిస్తే ఇంజన్ దిగిపోయింది, బోరు పని చెయ్యాలన్నారు. ఆ లెక్క విని వాడికి నోట మాట రాలేదు.

నాకు సిగ్గేసింది. మగ్గం ఆగితే మనం చేసే పని ఏటి? ముందు దారం తెగిందా అని చూస్తాం. మోటారు విప్పడం ఆఖరి మాట. బండి దగ్గరకొచ్చేసరికి ఆ బుద్ధి ఏమైపోయింది?

ఒక సంగతి గుర్తుంచుకోండి. బండి లేటుగా స్టార్టవడం ఒక జబ్బు కాదు, రెండు. సెల్ఫే మెల్లగా తిరుగుతోందా? లేకపోతే సెల్ఫ్ జోరుగానే తిరుగుతున్నా ఇంజన్ అందుకోవడం లేదా? చెవిపెట్టి వింటే తెలిసిపోతుంది. మొదటిది చాలావరకు కరెంటు జబ్బు. రెండోది డీజిల్‌దో, వేడిదో.

డీజిల్ ఇంజన్లో పెట్రోలు బండిలాగ నిప్పురవ్వ కొట్టే ప్లగ్గు ఉండదు. గాలిని పదిహేను ఇరవై వంతులు నొక్కితే అది బాగా వేడెక్కుతుంది. అందులోకి డీజిల్ చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. సైకిల్ పంపు గట్టిగా కొడితే అడుగున వేడెక్కుతుంది చూడండి, అలాగన్నమాట. జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపించిన ఇంజన్ కిటుకు ఇదే. సెల్ఫ్ మెల్లగా తిరిగితే గాలికి చాలినంత వేడి పుట్టదు. ఇంజన్ బాగున్నా అంటుకోదు.

సెల్ఫ్ మూలుగుతుంటే కరెంటు చూసే మీటరు ఒకటి తెచ్చుకోండి. రాత్రంతా ఆగిన బండిలో నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2 ఉంటే సగమే ఉన్నట్టు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 10కి కిందకి బాగా పడిపోతుంటే ముందు బ్యాటరీ చార్జింగు చేయించి మళ్ళీ చూడండి. అప్పుడూ పడిపోతే బ్యాటరీని అనుమానించండి. ఇంజన్ నడుస్తుండగా దగ్గర దగ్గర 14 రావాలి. రాకపోతే చార్జింగు సరిగ్గా అవడం లేదు.

బ్యాటరీ బాగుండి కూడా మూలిగితే వైర్లు చూడాలి. మీటరు ఒక ముల్లు బ్యాటరీ మైనస్ సీసం మొన మీద, రెండోది ఇంజన్ ఇనుము మీద శుభ్రమైన చోట పెట్టి, ఇంకొకరిచేత సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటకూడదు. మావాడి బండికి రెండు వోల్టులు చూపించింది! చేపల ఐసు కరిగి ఉప్పునీళ్ళు రోజూ కారి, ఛాసిస్ దగ్గర ఎర్త్ వైరు బిగించిన చోటు తుప్పు పట్టిపోయింది. పైకి బోల్టు బిగుతుగానే కనిపిస్తోంది. విప్పి, గీకి, కొత్త వైరు వేసి గ్రీజు రాశాం. ఒక పూట కూలి డబ్బులు కూడా అవలేదు. మర్నాడు బండి ఒక్క దెబ్బకి లేచింది.

ఇక సెల్ఫ్ జోరుగా తిరిగి ఇంజన్ అందుకోకపోతే సైలెన్సరు చూడండి. పొగ అసలు రాకపోతే డీజిల్ లోపలికి చేరడం లేదు. తెల్లపొగ వస్తుంటే డీజిల్ వస్తోంది గానీ మండడం లేదు.

డీజిల్ చేరకపోవడానికి ఎక్కువగా గాలి పట్టడమే కారణం. దానికి పైసా ఖర్చులేని పరీక్ష ఉంది. ఫిల్టరు దగ్గర చేత్తో నొక్కే పంపు ఉన్న బండైతే, పొద్దున్న తాళం తిప్పకముందే అది గట్టిపడేదాకా నొక్కండి. అప్పుడు బేగి స్టార్టయితే రాత్రి డీజిల్ ట్యాంకులోకి వెనక్కి జారిపోతున్నట్టే. పైపు పగుళ్ళు, క్లిప్పులు, ఫిల్టరు రబ్బరు రింగు చూపించండి. ఫిల్టరు అడుగున నీళ్ళు చేరినా ఇదే తంతు. అడుగు స్క్రూ ఉంటే వదులు చేసి వాటిని దింపెయ్యాలి.

తెల్లపొగ వస్తే హీటర్ ప్లగ్గులు చూడాలి. అన్ని బళ్ళకీ అవి ఉండవు. ఉంటే, చుట్ట గుర్తు దీపం ఆరాకే సెల్ఫ్ కొట్టాలి. అవీ బాగుంటే కంప్రెషన్ పరీక్ష చేయించండి. బోరు పని మాట ఆ తరవాతే.

కొన్ని జాగ్రత్తలు. బండి న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి చూడండి. సెల్ఫ్ పది సెకన్లకి మించి కొట్టొద్దు, మధ్యలో అర నిమిషం ఆపండి. బ్యాటరీ దగ్గర బీడీ వద్దు. గాలి గొట్టంలో పెట్రోలు పోసి స్టార్టు చేసేవాళ్ళున్నారు, ఇంజన్ పగిలిపోగలదు. కొత్త రకం బళ్ళలో నాజిల్ పైపులు మీరు విప్పొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది.

మావాడు ఇప్పుడు రోజూ రాత్రి బండి కింద మంచినీళ్ళతో కడుగుతున్నాడు. ఆ బ్యాటరీ అప్పు మాత్రం ఇంకా తీరలేదు. చూడకుండా చెప్పింది నేను కాబట్టి సగం నేనే కడుతున్నాను.