మారాల్సింది హెల్పర్ మనసు కాదు

షిఫ్టు దిగిన కార్మికుల్ని క్యాంటీన్ హాల్లో కూర్చోబెట్టి, ప్రొజెక్టర్ పెట్టి, గ్రోత్ మైండ్‌సెట్ గురించి గంటసేపు చెప్పడం పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల్లో పరిపాటి అయింది. చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లోనూ అదే పాఠం. తెలివి పుట్టుకతో గీసిపెట్టింది కాదు, ‘నాకు రాదు’ అనకు, ‘ఇంకా రాలేదు’ అను, ఆలోచన మార్చుకుంటే ఎదుగుతావు అంటారు. మొదటి మాటతో నాకు పేచీ లేదు. మనిషి ఏ వయసులోనైనా నేర్చుకుంటాడు. పేచీ చివరి మాటతోనే. ఎదగనివాడు తన ఆలోచన మార్చుకోకపోవడం వల్లే ఎదగలేదన్న తీర్పు అందులో ఉంది. ఈ ప్రాంతంలో ఆ తీర్పు తప్పు, అన్యాయం కూడా. ఇక్కడ హెల్పర్‌గా చేరి హెల్పర్‌గానే మిగిలిపోయినవాళ్లకు నేర్చుకోవాలన్న కోరికకు కొదవ లేదు. నేర్పే మనిషి లేడు, నేర్చుకునే తీరిక లేదు, నేర్చుకున్నా జీతం పెరగదు.

ఇస్నాపూర్ చుట్టుపక్కల ఉండే జాబ్‌వర్క్ షెడ్లలో ఒకదాని సంగతే తీసుకుందాం. సీఎన్‌సీ మెషిన్ దగ్గర హెల్పర్ చేసేది చక్‌లో పీసు బిగించడం, తలుపు మూయడం, పచ్చ బటన్ నొక్కడం, కోత అయ్యాక పీసు తీసి గాలి కొట్టి ట్రేలో పెట్టడం. పొద్దుగూకేదాకా ఇదే. లోహాన్ని కోసే ఇన్సర్ట్ అంచు అరిగేకొద్దీ పీసు వ్యాసం మైక్రాన్ల లెక్కన పెరుగుతూ పోతుంది. ఆ తేడా సరిచేయాలంటే ఆఫ్‌సెట్ పేజీ తెరిచి, పెరిగినంత మేరకు మైనస్‌లో కొట్టాలి. అంతే పని. ఏళ్ల తరబడి ఆ మెషిన్ ముందు నిలబడ్డ హెల్పర్‌కు ఇన్సర్ట్ పోతోందని కోత చప్పుడులోనే తెలుస్తుంది, చిప్ రంగులో తెలుస్తుంది, పీసు మీద మెరుపు తగ్గడంలో తెలుస్తుంది. అయినా ఆఫ్‌సెట్ ముట్టుకోవాల్సింది మెషిన్ సరిచేసే సెట్టరే. ‘నీకెందుకు భై అది, పీసు ఎక్కియ్యి, దించు’ అంటాడు సూపర్‌వైజర్. సెట్టర్ వచ్చేలోగా నాలుగు పీసులు రిజెక్ట్ అయ్యాయంటే మాట పడేది హెల్పరే. అతని చేతికి మైక్రోమీటర్ ఇవ్వరు, డ్రాయింగ్ చూపించరు, ఒక్క పీసు పాడుచేసి నేర్చుకునే వీలు కల్పించరు. అలాంటివాడిని హాల్లో కూర్చోబెట్టి, తప్పుల నుంచి నేర్చుకోవాలని చెబితే అతనికి ఏం అర్థం కావాలి?

పెద్ద ఫార్మా ప్లాంటుకు పోయినా కథ పెద్దగా మారదు. పని ఏడాది పొడవునా ఒకటే, రియాక్టర్ ఒకటే, పనిచేసే చేతులూ అవే. లేబర్ కాంట్రాక్టర్ మాత్రం మారుతుంటాడు. అతను మారినప్పుడల్లా కార్మికుడి గేట్‌పాస్ కొత్తదవుతుంది, సర్వీసు మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలవుతుంది. నిరంతరం సాగే పనుల్లో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించే అధికారాన్ని 1970 నాటి చట్టమే ప్రభుత్వాల చేతికిచ్చింది. ఆ అధికారాన్ని గట్టిగా వాడి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పని సగం తగ్గేది. పదేళ్ల అనుభవాన్ని కాగితం మీద సున్నా చేస్తున్నప్పుడు, ‘నేనెంత నేర్చినా ఇంతే’ అనుకోవడం మనసుకు పట్టిన జబ్బు కాదు. తన చుట్టూ ఉన్నదాన్ని ఉన్నట్టు చూడడం.

ఇంటి సంగతీ ఇంతే. ట్యాబ్లెట్ల ప్యాకింగ్‌లో పనిచేసే ఆడమనిషి ఓపెన్ టెన్త్ కట్టాలనుకుంటుంది. క్లాసులు సెలవు రోజుల్లో పెడతారు. ఆ రోజే ఓటీ (ఓవర్‌టైం) ఉంటుంది. ఓటీ వదులుకుంటే ఆ నెల కిరాయి కష్టమవుతుంది. ఇంటికొచ్చాక పొయ్యి ఆమెదే, పిల్లల హోంవర్క్ ఆమెదే. పుస్తకం తెరిచేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. ఆమెకు కావలసింది ప్రోత్సాహం కాదు, నెలకు రెండు ఆదివారాలు జీతం కోత లేకుండా దొరకడం.

అసలు ఈ సిద్ధాంతం ఎవరి పేరు మీద నడుస్తోందో ఆ మనస్తత్వవేత్త కేరొల్ డ్వెక్ చెప్పింది మన హాళ్లలో చెబుతున్నది కాదు. 1998లో ఆమె, క్లాడియా ముల్లర్ కలిసి ఐదో తరగతి పిల్లల మీద చేసిన పరిశోధన ప్రసిద్ధం. ‘నువ్వు తెలివైనవాడివి’ అని మెచ్చుకున్న పిల్లలు కష్టమైన ప్రశ్నలు ఎదురుకాగానే డీలా పడ్డారు. ‘బాగా కష్టపడ్డావు’ అని మెచ్చుకున్న పిల్లలు నిలదొక్కుకున్నారు. ఇందులో పరిశోధకులు మార్చింది పిల్లల్ని కాదు, పెద్దవాళ్లు వాళ్లతో అనే మాటను. ఈ సంగతిని మన శిక్షకులు ఎందుకు వదిలేస్తారో నాకు అంతుపట్టదు. 2018లో ఎన్నో అధ్యయనాలను కలిపి లెక్కగట్టినప్పుడు ఇలాంటి శిక్షణల సగటు ప్రభావం చాలా స్వల్పమని తేలింది. అమెరికాలో 12 వేల మందికి పైగా తొమ్మిదో తరగతి విద్యార్థుల మీద జరిగి, 2019లో ఫలితాలు వెలువడిన పెద్ద ప్రయోగంలో, గంట కూడా పట్టని ఆన్‌లైన్ పాఠంతో వెనకబడ్డ పిల్లల గ్రేడ్ల సగటు 0.1 పాయింటు మేర పెరిగింది. అంత తక్కువ ఖర్చుకు అది మంచి ఫలితమే. అయితే కష్టమైన పనికి పూనుకోవడాన్ని తోటిపిల్లలు మెచ్చే బళ్లలోనే ఆ పాఠం బాగా పనిచేసింది. అంటే విత్తనం ఒక్కటే సరిపోలేదు, నేల కూడా లెక్కలోకి వచ్చింది. ఎదగని పిల్లల మీద ‘వాడిది ఫిక్స్‌డ్ మైండ్‌సెట్’ అని ముద్ర కొట్టి చేతులు దులుపుకుంటున్నారని డ్వెక్ స్వయంగా 2015లోనే హెచ్చరించారు. ఆమె పేరు వాడుకునేవాళ్లు ఆ హెచ్చరికనూ చదవాలి.

మన ఫార్మా కంపెనీల్లో ఆ ముద్ర ఎలా పడుతుందో డీవియేషన్ రిపోర్టుల్లో చూడొచ్చు. బ్యాచ్‌లో ఏదైనా తేడా వస్తే కారణం రాయాలి. తేలికగా రాసేసేది ‘ఆపరేటర్ పొరపాటు’. దిద్దుబాటు గడిలో ‘ఆపరేటర్‌కు మళ్లీ శిక్షణ ఇచ్చాం’. ఫైలు మూతపడుతుంది. వాల్వ్ మీద లేబుల్ చెరిగిపోయిందా, ఇద్దరు చేయాల్సిన పని ఒక్కడి మీద పడిందా, వరసగా ఎన్నో నైట్ షిఫ్టు అది, ఇవేవీ ఎవరూ అడగరు. ఇలా రాయడం కుదరదని యూరప్ మందుల తయారీ నిబంధనలే చెబుతున్నాయి. మనిషి పొరపాటు అనే ముందు, ప్రక్రియలోనో పద్ధతిలోనో వ్యవస్థలోనో లోపం లేదని చూసి, ఆ సంగతి నిరూపించాలి. ఎగుమతుల కోసం ఆ నిబంధనల సర్టిఫికెట్లు గోడకు వేలాడదీసుకునే పరిశ్రమ, వాటి సారాన్ని తన షాప్‌ఫ్లోర్ మీదికి ఎందుకు రానివ్వదు?

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగి 50 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్లు. యంత్రాలు పాతబడ్డాయని కార్మికులు ముందే చెప్పినా యాజమాన్యం పట్టించుకోలేదని ఒక బాధిత కుటుంబం పోలీసులకిచ్చిన ఫిర్యాదులో ఉంది. నిజానిజాలు కోర్టులు తేలుస్తాయి. ఆ ఫిర్యాదు చదివిన నాకు మాత్రం మన చర్చ తలకిందులుగా ఉందనిపించింది. నేర్చుకునే గుణం కింద మెషిన్ దగ్గర నిలబడ్డవాడిలో ఉందా లేదా అని కొలుస్తున్నాం. కింది నుంచి వచ్చిన మాట విని మారే గుణం పైన ఉందా అని ఎన్నడైనా కొలిచామా?

ఈ నేల మీద మనుషులు ఎదిగిన దాఖలాలు లేకపోలేదు. 1960ల్లో చెకోస్లోవేకియా సహకారంతో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. టర్బైన్ అన్న మాట ఇంట్లో ఎవరూ వినని కుటుంబాల కుర్రాళ్లు అక్కడ అప్రెంటిస్‌లుగా చేరి, ఆర్టిజన్లయి, విద్యుత్ కేంద్రాలకు టర్బైన్లు చేశారు. వాళ్లను నడిపించింది ఫైలుతో ఇనుము అరగదీయడం దగ్గర మొదలయ్యే శిక్షణ, పక్కనే నిలబడి చెయ్యి సరిచేసే సీనియర్, రేపు కూడా ఉంటుందన్న నమ్మకమున్న ఉద్యోగం, పిల్లల బడి దాకా ఉన్న టౌన్‌షిప్.

జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌కు పోతే ఇంకా గట్టి సాక్ష్యం దొరుకుతుంది. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత మహిళలు, చాలామంది బడి మొహం చూడనివాళ్లు, వీడియో కెమెరా పట్టారు, ఎడిటింగ్ నేర్చారు, తమ పంటల మీద సినిమాలు తీశారు. కళ్ల ఎత్తున కెమెరా పెట్టి తీసే షాట్‌కు ‘సంఘం షాట్’ అని పేరు పెట్టుకున్నారు, సంఘంలో ఎవరూ ఎక్కువా కాదు తక్కువా కాదు గనక. 2008లో మాచనూర్‌లో సంఘం రేడియో మొదలైంది. నడిపేది వాళ్లే. కెమెరా ముందు వాళ్ల చేతికొచ్చింది, ధైర్యం తర్వాత వచ్చింది. వరస ఇదే. మన హాళ్లలో ధైర్యం ముందు అడుగుతున్నారు, కెమెరా ఎన్నటికీ ఇవ్వడం లేదు.

తెలంగాణలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చాలన్న నిర్ణయం సరైనదే. అక్కడ కొత్త మెషిన్ మీద చెయ్యి తిరిగిన కుర్రాడు గేటు దగ్గర మళ్లీ కాంట్రాక్టర్ కింద హెల్పర్‌గా చేరితే ఆ ఖర్చంతా బూడిదే. కాబట్టి షెడ్డు యజమానుల్ని, ప్లాంటు మేనేజర్లను అడిగేది ఇది: ఆ గంట హాల్లో కాకుండా మెషిన్ దగ్గర, షిఫ్టు టైములోనే, జీతంతో ఇవ్వండి. నేర్చుకోవడానికి పాడుచేసే పీసులు ఇన్ని అని ముందే పక్కన పెట్టండి. ఆఫ్‌సెట్ నేర్చినవాడికి కాగితం మీద హోదా ఇవ్వండి. కాంట్రాక్టర్ మారినా ఆ హోదా, ఆ సర్వీసు కొనసాగాలి.

నేర్పితే పక్క కంపెనీకి వెళ్లిపోతారని చిన్న యజమానులు అంటారు. వాళ్ల భయం ఉత్తిది కాదు, ఆర్డర్ మధ్యలో సెట్టర్ వెళ్లిపోతే ఎంత దెబ్బో తెలిసిందే. రెండు వేలు ఎక్కువ దొరికితే మనిషి వెళ్తాడు, వెళ్లాలి కూడా. అతను నేర్చుకున్న పనికి మార్కెట్ కట్టిన ధర అది. ఆ రెండు వేలు ఇచ్చి నిలుపుకోవడం ఒక దారి. పది షెడ్లు కలిసి ఒక శిక్షణ షెడ్డు పెట్టుకుంటే, ఒకరి దగ్గర నేర్చినవాడు ఇంకొకరి దగ్గరికి వెళ్లినా మొత్తం పారిశ్రామికవాడకు నష్టం లేదు. ఈ రెండూ కుదరవంటే, మాకు హెల్పర్లే కావాలి, సెట్టర్లు అక్కర్లేదని యాజమాన్యాలు పైకి చెప్పాలి. అప్పుడు కనీసం ఆ హెల్పర్ తన లోపం వల్లే ఇక్కడ ఆగిపోయానని అనుకోడు.