టీవీ టైము ఎవరి చేతిలో ఉంది?



"మేడమ్, సాయంత్రం టీవీ ముందు నుంచి లేవడం లేదండీ!" పేరెంట్స్ మీటింగులో తరచూ వినే మాట ఇది. టీవీ కట్టేయమని నేను చెప్పను. చిక్కంతా టీవీ టైముతోనే. ఏడింటికి ఒక సీరియల్, ఎనిమిదింటికి ఇంకొకటి, మార్చి చివర్లో ఐపీఎల్. మన ప్రాంతంలో యార్డుకు మిర్చి టిక్కీలు పోటెత్తే రోజులూ అవే, పరీక్షల రోజులూ అవే. పెద్దవాళ్లు ఇంటికి చేరేది ఆలస్యంగా. ఇక భోజనం, చదువు, నిద్ర అన్నీ చానల్ వాళ్ల టైమును బట్టే నడుస్తాయి.

రికార్డింగ్ ఉంటే ఈ టైము మన చేతికి వస్తుంది. సీరియల్ ఎక్కడికీ పోదు, పిల్లలు పడుకున్నాక చూడొచ్చు. అందుకని ఖరీదైన హోమ్ థియేటర్ కొనే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి, మీ ఇంటికి సిగ్నల్ ఎలా వస్తోంది? కేబుల్, డీటీహెచ్ పే చానళ్లకు తాళం ఉంటుంది. దాన్ని తీసేది సెట్‌టాప్ బాక్సే. కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ వేసినా అవి నేరుగా రావు. యూఎస్‌బీ రికార్డింగ్, టైమర్, పిన్ లాక్ ఉన్న బాక్సు అడిగితే చాలు. డీడీ ఫ్రీ డిష్ ఉన్నవారికి నెల చందా లేదు, పీఎం ఈ-విద్య పాఠాల చానళ్లూ వస్తాయి. తాళం లేని చానళ్లను కంప్యూటర్‌కు శాటిలైట్ ట్యూనర్ తగిలించి రికార్డు చేసుకోవచ్చు.

రెండు, రికార్డు చేసింది రేపు కూడా మనదేనా? చాలా సెట్‌టాప్ బాక్సుల రికార్డింగులు ఆ బాక్సులో తప్ప వేరేచోట ఆడవు. ఒకప్పుడు విండోస్‌లోనే మీడియా సెంటర్ ఉండేది. 2015లో విండోస్ 10తో దాన్ని తీసేశారు. కాబట్టి కంప్యూటర్ వాడేవారు ఫైళ్లను మామూలు ఫార్మాట్‌లో దాచే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం మేలు. టీవీహెడ్‌ఎండ్ రికార్డు చేస్తుంది, కోడి తెర మీద చూపిస్తుంది. కోడి ఒక్కటే వేసుకుంటే రికార్డింగ్ కాదు. ప్లెక్స్‌లో రికార్డింగుకు డబ్బు కట్టాలి, జెల్లీఫిన్‌లో అక్కర్లేదు. కరెంటు పోతే రికార్డింగ్ ఆగిపోతుంది, ఇన్వర్టర్ లైన్‌కు కలపడం మరవకండి.

"అన్ని చానళ్లూ ఫ్రీ" అని అమ్మే బాక్సుల జోలికి మాత్రం వెళ్లొద్దు. అది దొంగ ప్రసారం. మధ్యలో పిల్లలు చూడకూడనివీ వస్తాయి.

ఇంగ్లీష్ టీచర్‌గా ఇంకో లాభం చెబుతాను. జంతువుల మీద ఒక ఇంగ్లీష్ కార్యక్రమం రికార్డు చేయండి. పది నిమిషాలు పిల్లలతో కలిసి చూడండి. మధ్యలో ఆపి, "ఇప్పుడేమన్నాడు?" అని అడగండి. అర్థం కాకపోతే వెనక్కి తిప్పి మళ్లీ వినిపించండి. మీకు ఇంగ్లీష్ రాకపోయినా ఫర్వాలేదు, వాళ్లే మీకు తెలుగులో చెబుతారు. పరుగెత్తే లైవ్ టీవీతో ఇది కుదరదు.

ఈ ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని వారానికి ఏం రికార్డు చేయాలో, ఎప్పుడు చూడాలో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం పిల్లల చేతే రాయించండి. రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా మాత్రం ఖాళీగా ఉంచండి. ఆ రెండు గంటలూ వాళ్ల చదువుకు.