క్విజ్ అయ్యాక ధారణ ఉండాలి

మా కంకిపాడులో ఏ ఇద్దరు తల్లులు కలిసినా మాట చివరికి పిల్లల ఇంగ్లీషు దగ్గరికే వస్తుంది. స్కూలు బస్సు కోసం నిలబడ్డప్పుడైనా అంతే, కూరగాయల బండి దగ్గరైనా అంతే. ఈ మధ్య అందరి దగ్గరా ఒకటే జవాబు ఉంటోంది. "ఫోన్లో క్విజ్ ఆటలున్నాయి కదండీ, ఆడుకుంటూ నేర్చేసుకుంటారు" అని. నేను ఆ ఆటలకి వ్యతిరేకిని కాను. మా ఇంట్లోనూ ఆడతారు. కానీ ఆటే ఇంగ్లీషు నేర్పేస్తుంది, మనం పక్కకి తప్పుకోవచ్చు అనుకుంటే మాత్రం నాకు పేచీ.

ముందు మంచి చెప్పుకుందాం. తరగతిలో తప్పు చెబితే పక్కవాళ్ళు నవ్వుతారు. ఫోను నవ్వదు. పదిసార్లు తప్పినా పదకొండోసారి అదే ప్రశ్న అడుగుతుంది. ఎక్కాలు అప్పజెప్పడానికి బద్ధకించే పిల్లలు కూడా పాయింట్లు వస్తాయంటే బుద్ధిగా కూర్చుంటారు. టీచర్లకీ ఇది సాయమే. నార్వేలో పుట్టి 2013లో జనంలోకి వచ్చిన కహూట్ కానీ, 2015లో మన పక్కనే బెంగళూరులో మొదలై 2025లో వేగ్రౌండ్ అని పేరు మార్చుకున్న క్విజిజ్ కానీ తరగతి గదుల కోసం తయారైనవే. టీచరు పాఠం చెప్పాక పిల్లలకి ఎంత ఎక్కిందో చూసుకోవడం వాటి అసలు పని. ఇంటికొచ్చేసరికి పాఠం చెప్పేవాళ్ళు లేకుండా పరీక్ష ఒక్కటే మిగులుతోంది.

ఆ పరీక్ష ఎలాంటిదో కూడా చూడండి. నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కాలి. ఏమీ రాని పిల్లవాడు కళ్ళు మూసుకుని నొక్కినా ఇరవైకి అయిదు దాకా తగులుతాయి. పైగా కహూట్ మామూలు పద్ధతిలో సరైన జవాబు వెంటనే నొక్కితే వెయ్యికి దగ్గరగా పాయింట్లు, ఆఖరి క్షణంలో నొక్కితే అందులో సగం. అంటే ఆలోచించి చెప్పినవాడి కన్నా చటుక్కున నొక్కినవాడికి ఎక్కువ. భాష నేర్చుకునే పసివాళ్ళకి కావలసింది ఆ తొందర కాదు కదా.

మా వీధిలో ఒక బాబు జంతువుల పేర్ల క్విజ్‌లో ఇరవైకి పద్దెనిమిది తెచ్చుకున్నాడు. వాళ్ళమ్మ మురిసిపోతూ చూపించింది. వాళ్ళ దొడ్లో గేదె కట్టేసి ఉంది. "మా గేదె గడ్డి తింటోంది అని ఇంగ్లీషులో చెప్పు నాన్నా" అన్నాను. వాడికి బఫెలో తెలుసు, గ్రాస్ తెలుసు, ఈట్ తెలుసు. మూడూ ఒక వాక్యంగా రాలేదు. వాడి తెలివికేం లోటు లేదు. చూసి గుర్తుపట్టడం అలవాటైంది కానీ, నోటితో చెప్పమని ఎవరూ అడగలేదు, అంతే.

ఇక్కడే అమ్మ కావాలి. "నాకు ఇంగ్లీషు రాదు, నేనేం చెప్తాను" అని చాలామంది తల్లులు వెనక్కి తగ్గుతారు. నేను తెలుగు బీఏ చదివినదాన్ని. ఆ తెలుగే ఇంగ్లీషు దగ్గర ఎంత పనికొస్తుందో రోజూ చూస్తున్నాను. మనం కర్త, కర్మ, క్రియ వరసలో మాట్లాడతాం. వాళ్ళు కర్త తర్వాత క్రియ పెట్టి కర్మని చివరికి నెడతారు. అందుకే మన పిల్లలు "ఐ రైస్ ఈట్" అంటారు. మనకి "మనం", "మేము" అని రెండు మాటలున్నాయి. వినేవాళ్ళని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఇంగ్లీషులో రెండింటికీ ఒక్క "వి"నే. మనం "నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు" అంటాం, వాళ్ళు "ఐ హావ్" అంటారు. "నాకు" కాస్తా "నేను" అయిపోతుంది. ఈ తేడా అన్ని దేశాల పిల్లలకీ కలిపి చేసిన క్విజ్‌కి తెలియదు. ఇంట్లో తెలుగు మాట్లాడే అమ్మ చెప్పగలదు. మన ప్రభుత్వ బడుల పుస్తకాల్లో కొన్నేళ్ళుగా ఒక పేజీ తెలుగులో, ఎదురు పేజీ ఇంగ్లీషులో వేస్తున్నారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే సులువని కదా! మరి ఇంట్లో మాత్రం తెలుగుని ఎందుకు దాచుకోవాలి?

ప్రశ్నలతో ఆట మనకి కొత్తా? అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది రకాలుగా అడుగుతారు. ఎవరూ నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమనరు. ఆ విద్యని ఊరూరా తిప్పిన తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు, మా ఊరి మీదుగా పోయే రోడ్డు చివర ఉన్న బందరులోనే తెలుగు పండితులుగా పనిచేశారు. ఎన్ని ప్రశ్నలు నడిచినా అవధానం ధారణతోనే ముగియాలి. అప్పటిదాకా చెప్పిన పద్యాలన్నీ అవధాని వరసగా తిరిగి అప్పజెప్పాలి. మన పిల్లల క్విజ్‌లో లేనిది ఆ ధారణే.

అందుకే మా ఇంట్లో పద్ధతి ఇలా ఉంటుంది. రోజుకి పది ప్రశ్నలు, అంతకు మించి లేదు. కుదిరినచోట గడియారం తీసేస్తాం, కుదరకపోతే ఎక్కువ సమయం పెడతాం. ఆట అవగానే ఫోను నా దగ్గరికి వచ్చేస్తుంది. అప్పుడు ఆ పది మాటల్లో గుర్తున్నవి మావాడు చెప్పాలి. ఒక్కో మాటతో మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. పుస్తకంలో వాక్యం వద్దు. చారులో ఉప్పు ఎక్కువైందనో, నాన్న ఇంకా రాలేదనో చెబితే చాలు. వాడు తడబడితే ముందు తెలుగులో చెప్పిస్తాను, తర్వాత వరస మార్చిస్తాను. పలకడం నాకూ సందేహమైతే ఇద్దరం కలిసి డిక్షనరీ యాప్‌లో వింటాం.

ఆదివారం తిరగేస్తాం. క్విజ్ వాడు తయారు చేస్తాడు, నేను జవాబు చెప్పాలి. ఈ యాప్‌లలో ప్రశ్నలు మనమే రాసుకోవచ్చు. యాప్ లేకపోతే నోటుపుస్తకం చాలు. ఒక సరైన జవాబు, మూడు తప్పు జవాబులు రాయడం చిన్న పని కాదు. అమ్మ ఎక్కడ పొరబడుతుందో ఆలోచించాలి, దగ్గర దగ్గర మాటలు వెతకాలి, స్పెల్లింగు చూసుకోవాలి. వారమంతా ఆడినదానికన్నా ఆ అరగంటలో వాడు ఎక్కువ ఇంగ్లీషు నేర్చుకోవడం నేను కళ్ళారా చూస్తున్నాను.

ఇదంతా చేసే తీరిక ఎక్కడిదంటారా? పది నిమిషాల పనండీ. పప్పు ఉడుకుతుండగా అయిపోతుంది. ఈ రాత్రి మీ పిల్లలు క్విజ్ ఆడాక స్కోరు ఎంత అని అడగకండి. ఫోను పక్కన పెట్టించి, "ఏవీ, ఓ నాలుగు మాటలు నాకు చెప్పు" అనండి.